క్రిసంతా చేతి పచ్చడి

హువామాంత్లా
ఆగస్టు 20, 1987

ఉబాల్దా వదినకి,

నా నడుము తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాలి గురించి నువ్వేమీ రాయలేదు కాబట్టి అదీ బాగానే ఉందనుకుంటున్నాను.

అసలు సంగతికి వస్తాను. మన అమ్మాయి ఎలొయీసాని పెళ్ళికి అడగటానికి వస్తున్నారు. కుర్రాడి పేరు ఎవరార్దో. అపిసాకోలో రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో పని. బుద్ధిమంతుడే, కాకపోతే తింటున్నంతసేపూ మాట్లాడడు, తిన్నాక అసలే మాట్లాడడు. వాళ్ళింట్లో మాటలన్నీ తల్లి దోన్యా ప్రూదెన్సియాకి పంచి ఇచ్చేసినట్టున్నారు. ఆత్మల పండుగ వెళ్ళిన ఆదివారం, నవంబరు ఎనిమిదిన, రొట్టెల బుట్టలూ పళ్ళ బుట్టలూ పట్టుకుని పదిమంది దిగుతారు. మనం భోజనం పెట్టాలి. మోలే కూర పక్కింటి మికాయెలా వండిపెడతానంది. కోళ్ళు ఉన్నాయి. నాకు కావలసిందల్లా బల్లమీద క్రిసంతా చేసిన పచ్చ సల్సా పచ్చడి, అంతే.

నీకు తెలియంది కాదు. ఇరవై మూడేళ్ళు బంగాళాదుంపల లారీ తోలాను. సోమవారం పొద్దున్న వెళితే శనివారం సాయంత్రానికే ఇల్లు. సీటు కింద ఎప్పుడూ మీ చెల్లెలి పచ్చడి సీసా ఒకటి ఉండాల్సిందే. ఏ హోటల్లో ఆగినా వాళ్ళ పచ్చడి పక్కకి జరిపి మా ఆవిడది తీసేవాణ్ణి. మెక్సికో నగరం దుంపల మార్కెట్లో నన్ను ఫిదెన్సియో అనేవాళ్ళకంటే పచ్చడాయన అనేవాళ్ళే ఎక్కువ. ఆ అలవాటుకొద్దీ పెళ్ళివారి దగ్గర కూడా నోరు జారాను, మా ఇంటికొస్తే క్రిసంతా చేతి పచ్చడి తింటారు అని. ఆవిడ పోయి ఏడాదిన్నర అయిందని విన్నానే అంది దోన్యా ప్రూదెన్సియా. ఆ సంగతి నాకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు అన్నాను.

మీ చెల్లెలు చివరి సెప్టెంబరులో పెట్టిపోయిన సీసాలు ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చి ఈ ఈస్టరుకి ఆఖరిది కూడా ఖాళీ చేశాం. ఈ ఏడు పెరట్లో ఆ పచ్చడి కాయలు, టొమాటిల్లోలు, ఎవరూ నాటకుండానే మొలిచి గోడదాకా పాకాయి. కాయలు నిండి పైపొరలు చిట్లుతున్నాయి. ఎలా చేయాలో ఎలొయీసాని అడిగితే, కుట్టుమిషను మీదనించి తల ఎత్తకుండా పెద్దమ్మకి రాయి నాన్నా అంది.

కాబట్టి రాస్తున్నాను. ఏటా సెప్టెంబరులో నువ్వొచ్చి నెల్లాళ్ళు ఉండేదానివి, క్రిసంతా పక్కనే కూర్చునేదానివి. ఆవిడ ఎలా చేసేదో నువ్వు చూసి ఉంటావు. నాకు తెలిసిందల్లా సీసా మూత తియ్యటమే.

నీ మరిది
ఫిదెన్సియో


తుస్పాన్
సెప్టెంబరు 1

మరిదీ,

ఎలొయీసా సంగతి విని ఇక్కడ వీధంతా తిరిగి చెప్పొచ్చాను. కుర్రాడు మాట్లాడకపోతే మంచిదే. మాట్లాడేవాణ్ణి చేసుకున్న మా చెల్లెలు ఏం సుఖపడింది.

పచ్చడి మాట. లారీ స్టీరింగు పట్టిన చేత్తో నువ్విప్పుడు గరిటె పడతావా? నాయనా, ఎవరి చెయ్యి వాళ్ళది. మా చెల్లెలి చెయ్యి పోస్టులో పంపలేను. మోలే ఉన్న బల్లమీద పచ్చడి వంక ఎవడు చూస్తాడు? మికాయెలాని ఒక గిన్నెడు చేసిపెట్టమను. లేదంటే బజారులో కొను.

నువ్వు వినవని తెలుసు కాబట్టి నాకు గుర్తున్నంత రాస్తున్నాను. పొరనిండా బిగిసిన కాయ కొయ్యి, వదులుగా ఆడేది వద్దు. పొర వొలిస్తే కాయకి జిగురుంటుంది. గోరువెచ్చని నీళ్ళు మూడుసార్లు మార్చి, చేతికి జారకుండా గరగరమనేదాకా కడుగు. చన్నీళ్ళలో వేసి మంట మీద పెట్టి, పక్కనే నిలబడు. గడ్డిరంగు పోయి వాడిన ఆకు రంగు వచ్చిందా, దించెయ్. ఒక్క కాయ కూడా పగలకూడదు, పగిలితే పులుపు తిరుగుతుంది. నీలం డేగిసాకి అంచు విరిగిన చోటుదాకా పోస్తే నాలుగు కిలోలు. దానికి ఇరవై రెండు సెర్రానో మిరపకాయలు, రెండు ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు. కొత్తిమీర ఆఖర్న. రోట్లో నూరు, మెత్తగా కాదు, పంటికి తగలాలి. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, వేడి సీసాలో వేడిగానే పొయ్యి. సీసాకి రెండు పెద్ద చెంచాల నిమ్మరసం మరిచిపోకు. అంచు తుడిచి, మూత బిగించి, సీసాలు మునిగే నీళ్ళలో మరిగించు. తుస్పాన్‌లో అయితే పావుగంట చాలు. మీ కొండమీద నీళ్ళు తొందరగా మరుగుతాయి గాని వాటిలో వేడి ఉండదు, ఇరవై అయిదు నిమిషాలు ఉంచాలి. మొదటి ఏడు ఆరు సీసాలు పొంగిపోతే అప్పుడు నేను [కొట్టేసి ఉంది] క్రిసంతా కనుక్కుంది.

ఇంతకన్నా నాకు తెలీదు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని, అంతే.

మోకాలు బాగాలేదు. అందుకే ఈ సెప్టెంబరు కూడా రాలేను.

ఉబాల్దా


హువామాంత్లా
సెప్టెంబరు 22

వదినా,

నీ కాగితాన్ని పొయ్యి పక్క గోడకి మేకు కొట్టి తగిలించి, చదువుతూ చేశాను. ఏమైందో చెప్తాను, నవ్వుకో.

కడగమన్నావు, కడిగాను. పక్కనే నిలబడమన్నావు, నిలబడ్డాను. ఆ సమయానికే దుంపలవాళ్ళ రోహెలియో వీధిలోనించి కేకేశాడు, తన లారీ చప్పుడు చేస్తోంది ఒకసారి విను అని. చప్పుడు వినటానికి ఎంతసేపు పడుతుంది? క్లచ్చు అని చెప్పి వచ్చేసరికి డేగిసాలో ఒక్క కాయ పగలకుండా లేదు. సర్లెమ్మని నూరాను. సీసాలు మరుగుతుంటే మికాయెలా వచ్చి, ఇరవై అయిదు నిమిషాలేమిటి గ్యాసు దండగ, మా అత్త పది నిమిషాలే ఉంచేది అంది. దించేశాను. నాలుగో రోజున వంటింట్లో తుపాకి పేలినట్టయింది. పదకొండు సీసాల్లో మూడు మూతలు ఎగిరిపోయాయి, మిగిలినవి ఉబ్బి కూర్చున్నాయి. గోడంతా పచ్చగా ఉంది. మన కుక్క అది నాకి, పళ్ళు ఇకిలించుకుని రెండు రోజులు నా దగ్గరికి రాలేదు.

మికాయెలా అత్త సీసాలు కూడా ఇలాగే పేలేవా అని అడిగాను. ఆవిడ సీసాల్లో పెట్టేదే కాదు, గిన్నెలో పెట్టేది అంది. ఇలాంటివాళ్ళ మధ్య ఉన్నాను.

మళ్ళీ చేస్తాను, కాయలకి లోటు లేదు. కాని నిన్నొక మాట అడగాలి, దాచకుండా చెప్పు. నీ ఉత్తరం ఇప్పటికి ఇరవైసార్లు చదివాను, గోడమీద ఉంది కాబట్టి చదవక తప్పదు. అందులో ఒకచోట 'నేను' అని రాసి కొట్టేసి 'క్రిసంతా' అని పెట్టావు. మొదటి ఏడు ఆరు సీసాలు పొంగిపోయాయన్నావు. ఆ సంగతి క్రిసంతా నాకెప్పుడూ చెప్పలేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగి అక్కడే ఉంటున్నదానివి, మా కొండమీద నీళ్ళలో వేడి ఉండదని నిమిషాలతో సహా రాశావు. ఇరవై కాదు, పాతిక కాదు, ఇరవై రెండు మిరపకాయలంటావు. కబుర్లు చెప్పేవాళ్ళు మిరపకాయలు లెక్కపెడతారా?

మికాయెలాని అడిగితే శాలువా నోటికి అడ్డంపెట్టుకుని నవ్వి, అడగాల్సినవాళ్ళని అడుగు అంది. ఎలొయీసా మళ్ళీ మిషను తొక్కటం మొదలుపెట్టింది.

మోకాలు సాకని నాకు తెలుసు. క్రిసంతా పోయాక ఒక్కసారి కూడా మా గుమ్మం తొక్కలేదు నువ్వు. నేనేం చేశాను వదినా?

ఫిదెన్సియో


తుస్పాన్
అక్టోబరు 4

ఫిదెన్సియో,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేనే. కాగితం మార్చి మళ్ళీ రాయాల్సింది, బద్ధకించి కొట్టేసి పంపాను.

నువ్వేమీ చెయ్యలేదు. చేసినా అది పాతికేళ్ళనాటి మాట. ఇప్పుడు చెప్తాను, కూర్చుని చదువు.

మీ పెళ్ళయిన కొత్తల్లో మా చెల్లెలు తొలిసారి మీ పెరటి కాయలతో పచ్చడి చేసింది. బల్లదగ్గర మీ అమ్మ ఉంది, మీ అన్నలున్నారు. నువ్వు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది పచ్చడా కషాయమా, మా గాడిద కూడా ముట్టుకోదు అన్నావట. అందరూ నవ్వారట. అదీ నవ్విందట. ఆ తరువాత కోళ్ళగూట్లో కూర్చుని ఏడ్చిందని నాకు ఉత్తరం రాసింది.

ఆ సెప్టెంబరులో నేను వచ్చాను. సోమవారం నువ్వు లారీ ఎక్కగానే ఇద్దరం కాయలు కోశాం. చేసింది నేను. మొదటి విడతలో ఆరు సీసాలు పోయాయి, మందులషాపాయన చెప్తే ఎక్కువసేపు మరిగించటం నేర్చుకున్నాను. శనివారం నువ్వొచ్చి రొట్టె ముంచి తిని, పళ్ళెం నాకి, మా ఆవిడ నేర్చేసుకుంది చూడండి అని వీధిలోకి సీసా పట్టుకుపోయావు. అది నా వంక చూసింది. ఆ చూపుకి నేనేం చెప్పగలను? అప్పటినించి ఇరవై మూడు సెప్టెంబరులు. వండింది నేను, పేరు దానిది, గొప్పలు నీవి. సొమ్మొకడిది సోకొకడిది అంటారు, మన ముగ్గురిలో ఎవరిది ఏదో నాకే అంతు చిక్కేది కాదు. నేనేమీ బాధపడలేదు. ఇక్కడ మా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, నాకు సెప్టెంబరంటే అదే పండుగ.

అది సొంతంగా ఎందుకు చేదుగా చేసేదో మాత్రం నాకు తెలీదు. నా ముందు మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. ఎన్నిసార్లు అడిగినా, వదిలెయ్యి బాల్దా అనేది.

చివరి వారంలో నా చెయ్యి పట్టుకుని ఏమందో చెప్పనా? "ఫిదెన్సియోకి చెప్పకు. నా గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకోటానికి ఆయనకి ఉన్నది అదొక్కటే" అంది.

అందుకే రాలేదు. సెప్టెంబరులో వస్తే ఆ పెరట్లో నా చేతులు ఊరుకోవు. నువ్వు చూస్తావు. అది పోయిన ఏడాదికే దాని పేరు తీసేసినదాన్నవుతాను. ఇప్పుడు చెప్పేశాను. నువ్వూ దానిలాగే నాకు సొంతమనిషివి, ఒక పచ్చడి సీసా కోసం నీకు అబద్ధం మీద అబద్ధం రాయలేకపోయాను.

కావాలంటే నవంబరుకి నేనొచ్చి చేసిపెడతాను. పెళ్ళివారికి అది క్రిసంతా పచ్చడే అని చెప్పుకో, నేను నోరు మెదపను.

ఉబాల్దా


హువామాంత్లా
అక్టోబరు 15

ఉబాల్దా,

రావద్దు.

గాడిద సంగతి నాకు గుర్తులేదు. మూడు రోజులు పెరట్లో కూర్చుని గుర్తుచేసుకోటానికి చూశాను, ఒక్క ముక్క రాలేదు. అనే ఉంటాను. అనేవాణ్ణే. నేనన్నది నేనే మరిచిపోతే ఆవిడ ఇరవై మూడేళ్ళు మోసింది.

శనివారం నేను పళ్ళెం నాకుతుంటే మీ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళన్నమాట. మార్కెట్టంతా నేను చెప్పుకు తిరిగింది నీ పచ్చడి. మికాయెలాకి తెలుసు. నా కూతురికీ తెలుసు, నిన్న ఒప్పుకుంది. ఊళ్ళో తెలియనిది నాకూ కుక్కకీ.

కోపంగా నూరితే మిరపకాయ రెట్టింపు మండుతుందని మా అమ్మ అనేది. ఇప్పుడు నేను రోలు ముట్టుకుంటే ఊరంతా నీళ్ళకి పరుగెత్తాలి. అందుకని ముట్టుకోవటం లేదు.

ఫిదెన్సియో


తుస్పాన్
అక్టోబరు 21

మరిదీ,

రావద్దన్నావు, రాను. కాని నా పచ్చడి రాకూడదని నువ్వు రాయలేదు. పోసా రికా మీదుగా వచ్చే బస్సులో పన్నెండు సీసాలు పెట్టె కట్టించి పంపాను. ఇక్కడి బజారు కాయలు, మీ పెరటివంత బాగుండవు. పెట్టెనిండా పాత గుడ్డపేలికలు కుక్కాను, పగలవు. తెరిచినా సరే, కుక్కకి వేసినా సరే. కుక్కయితే ఈసారి పళ్ళు ఇకిలించదు.

నీ వెనక మేం నవ్వుకున్నామా అని అడగలేదు గాని అడిగినట్టే ఉంది. నవ్వుకున్నాం. రెండుసార్లు. ఒకసారి నువ్వు బిషప్పుగారికి సీసా ఇచ్చి, నా భార్య వేళ్ళలో ఉంది రహస్యం అన్నప్పుడు. ఇంకోసారి ఎందుకో చెప్పను. మిగతా అన్నిసార్లూ మా చెల్లెలు నీ లారీ చప్పుడు వినపడగానే జుట్టు సవరించుకునేది. నువ్వు పచ్చడి గురించి పొగుడుతుంటే దాని మొహం వెలగటం చూసేదాన్ని. అబద్ధమైతేనేం, అది అలా కనపడేది వారానికి ఒక్కసారే.

కోపంలో ఉన్నవాడికి పెద్ద ఉత్తరం రాయకూడదు. ఎలొయీసాని ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

ఉబాల్దా


హువామాంత్లా
నవంబరు 10

వదినా,

నీ పెట్టె వచ్చింది. ఒక్కటీ పగల్లేదు. తెరవకుండా మంచం కింద తోశాను, ఒప్పుకుంటున్నాను.

తరవాత జరిగింది వరసగా చెప్తాను. ఆత్మల పండుగకి నాలుగు రోజుల ముందు పెరట్లో బంతిపూలు కోస్తున్నాను. కాయలింకా వేలాడుతున్నాయి, మంచు పడితే పోతాయి. పండుగనాడు క్రిసంతా ఫోటో ముందు రొట్టె పెడతాం, పళ్ళు పెడతాం, సాంబ్రాణి వేస్తాం. ఆవిడ వంట అని ఏం పెట్టాలి? నీ పచ్చడి పెడితే, పోయాక కూడా ఆవిడ చేత అబద్ధం ఆడించినట్టే. ఏమీ తోచక అక్కడే కూలబడ్డాను. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది.

ఎలొయీసాకి ఏడెనిమిదేళ్ళప్పుడు దారిలో నా లారీ ఇరుసు విరిగి, ఒక బుధవారం మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొచ్చాను. క్రిసంతా పెరట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని టొమాటిల్లోలు వొలుస్తోంది. వొలిచిన కాయ వొలిచినట్టు, జిగురుతోనే, తిన్నగా డేగిసాలోకి విసురుతోంది. నీళ్ళ తొట్టె పక్కనే ఉంది, ముట్టుకోవటంలేదు. నన్ను చూసి గబుక్కున డేగిసా మీద మూత పెట్టేసింది. కడగవా అన్నాను ఊరికే. జిగురులోనే ఉంది సత్తువ, కడిగితే పోతుంది, మా నానమ్మ చెప్పేది అంది. మీ ఇద్దరికీ నానమ్మ ఒక్కతే, ఆ మాట నీకు ఎందుకు చెప్పలేదో ఆవిడనే అడగాలి. ఆ డేగిసాలోది ఆ పూట నాకు వడ్డించలేదు. నేనూ అడగలేదు.

పచ్చడి చేస్తుండగా నా భార్యని నా కళ్ళతో చూసింది ఆ ఒక్కసారే. నీ కాగితం గోడమీదనించి తీసి మడిచి పెట్టేసి, చూసినట్టే చేశాను. కడగలేదు. మంట పెద్దది పెట్టి పగిలేదాకా ఉడికించాను, ఆవిడకి మంట చిన్నది పెట్టటం ఎప్పుడూ రాదు, బీన్సు కూడా మాడ్చేది. నిమ్మరసం మాత్రం నీ లెక్కే, మరిగించటం కూడా ఇరవై అయిదు నిమిషాలు నీ లెక్కే. మళ్ళీ గోడ కడిగే ఓపిక లేదు.

రెండో తారీఖు పొద్దున్న ఒక సీసా తీసి గిన్నెలో పోసి ఫోటో ముందు పెట్టాను. ఎలొయీసా కొవ్వొత్తులు సర్దుతూ వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. అంత ఘోరంగా ఉందా అమ్మా అన్నాను. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు.

"నాన్నా, ఇది అమ్మ పచ్చడి. నీకెవరు చెప్పారు?"

అప్పుడు చెప్పింది. మీ అక్కచెల్లెళ్ళ రహస్యం కింద ఇంకో రహస్యం ఉందట వదినా, నీకూ తెలియదు. నేను ఊళ్ళో లేని బుధవారాల్లో క్రిసంతా తన పచ్చడి తను చేసుకునేది. వేడి టోర్టియా రొట్టెలో చుట్టి, తల్లీకూతుళ్ళిద్దరూ పొయ్యి దగ్గరే నిలబడి తినేవాళ్ళు. పెద్దమ్మది శనివారం పచ్చడి, మీ నాన్నకి. ఇది బుధవారానిది, మనది, అనేదట. ఆ చేదు ఆవిడకి ఇష్టమట. నేర్చుకోలేక కాదు, మార్చుకోలేక. తనకి రుచించింది నాకు రుచించలేదని నా కోసం నీ చేత చేయించింది. ఎలొయీసాకి ఇన్నాళ్ళూ ఆ చేదు మళ్ళీ దొరకలేదట, తను బడినించి వచ్చేసరికే నూరేసి ఉండేది కాబట్టి ఎలా చేసేదో చూడలేదట. నా కూతురు నా మెడ చుట్టూ చేతులు వేసి అలా ఏడవటం అంత్యక్రియలప్పుడు కూడా లేదు.

నేను ఒక ముద్ద తిన్నాను. నాలుక మీద ముందు పులుపు, ఆ వెనక జిగురు చేదు, మింగాక కూడా పోదు. పాతికేళ్ళ కుర్రాణ్ణయితే ఇప్పుడూ ఆ గాడిద మాటే అనేవాణ్ణేమో. నా మీద నాకే అసహ్యం వేసింది. కాసేపు ఫోటో ముందు నిలబడ్డాను. ఏం మాట్లాడానో నీకు రాయను.

తరవాత మంచం కిందనించి నీ పెట్టె లాగాను.

ఆదివారం పెళ్ళివారు వచ్చారు. పన్నెండుమంది, ఎనిమిది బుట్టలు. మోలే పక్కన రెండు గిన్నెలు పెట్టాను. అందరూ కూర్చున్నాక లేచి నిలబడి చెప్పేశాను. ఇది మా వదిన ఉబాల్దాది, ఇరవై మూడేళ్ళు నేను నా భార్యదని చెప్పుకున్నది ఇదే. ఇది నా భార్యది, ఇరవై మూడేళ్ళు ఆవిడ నాకు పెట్టకుండా దాచుకున్నది, ఎందుకంటే కొత్తల్లో ఒకసారి నలుగురిలో నేను ఎగతాళి చేశాను. ఇది చేదుగా ఉంటుంది, ఇష్టమైనవాళ్ళు వేసుకోండి అన్నాను. గిన్నెల వైపు ఒక్క చెయ్యీ రాలేదు. ఈ సంబంధం పోయిందిరా అనుకున్నాను. ఎలొయీసా మాత్రం తల ఎత్తుకుని కూర్చుంది.

దోన్యా ప్రూదెన్సియా రెండూ రుచి చూసింది. నీది తిని కళ్ళు మూసుకుంది, మెచ్చుకుందనే అర్థం. రెండోది తిని నీళ్ళు తాగింది. తాగి, నా వంక కాదు, కొడుకు వంక తిరిగి చెప్పింది. మీ నాన్న పెళ్ళయిన నెలకి నా మోలే బురదలా ఉందన్నాడు, అప్పటినించి ఆయన పోయేదాకా మా అక్కచేత వండించి తెచ్చాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు అంది. ఎవరార్దో నోరు తెరిచాడు, మూశాడు. ఆ పైన వెళ్ళేటప్పుడు ఆవిడ ఎలొయీసా చెయ్యి పట్టుకుని, మా వాడికి ఏం వండినా వాడు కిక్కురుమనడు, భయపడకు అని చెప్పి ముద్దు పెట్టుకుంది. పెళ్ళి ఫిబ్రవరిలో.

రావద్దని రాసినవాణ్ణి రమ్మని రాస్తున్నాను. పెళ్ళికి నీ పచ్చడి నీ పేరు మీద కావాలి. డేగిసా నీదే, పక్కన కూర్చుని కబుర్లు నేను చెప్తాను. సాకులు మోకాలి మీద పెట్టకు, అపిసాకోలో బస్సు దిగగానే నేనుంటాను.

క్రిసంతా నీతో అన్న మాట ఒకటుంది, నాకు గొప్పగా చెప్పుకోటానికి ఆవిడ గురించి ఉన్నది అదొక్కటే అని. అది నిజం కాదు. చెప్పుకోటానికి చాలా ఉన్నాయి, నాకు తెలిసినదల్లా పచ్చడి గురించి మాట్లాడటమే అయింది. ఆవిడ నవ్వు గురించి దుంపల మార్కెట్లో ఎలా మాట్లాడతారు? బతికుండగా ఆవిడకే చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ ఒక్కటీ ఎవరి మీదకీ తోసెయ్యలేను.

పెళ్ళివారు వెళ్ళాక నీ గిన్నె ఖాళీ, ఆవిడ గిన్నె సగం మిగిలింది. ఎలొయీసా పొయ్యి మీద టోర్టియాలు వేడిచేసింది. ఇద్దరం అక్కడే నిలబడి తిన్నాం. చేదుగానే ఉంది వదినా. మారు వడ్డించుకున్నాను.

ఫిదెన్సియో